వృద్ధాశ్రమాల్లో పడిపోవడాలు: ముప్పును అంచనా వేయాలంటే అసలు ఏం చూడాలి?

పెద్ద వయసువాళ్లను కార్పొరేట్ ఆస్పత్రిలో అడ్మిట్ చేసినవాళ్లకు ఇది తెలిసే ఉంటుంది. నర్సు వచ్చి నాలుగైదు ప్రశ్నలు అడుగుతుంది, ఫారంలో టిక్కులు పెడుతుంది, మార్కులు కూడి మంచానికి "ఫాల్ రిస్క్" అని బోర్డు తగిలించి వెళ్తుంది. కొన్నిచోట్ల చేతికి పసుపు రంగు బ్యాండ్ కూడా వేస్తారు. అలాంటి ఫారాన్నే కొన్ని వృద్ధాశ్రమాలు, అసిస్టెడ్ లివింగ్ హోములు కూడా వాడుతున్నాయి. అమ్మనో నాన్ననో చేర్పించిన రోజున "హై రిస్క్ అండీ, జాగ్రత్తగా చూసుకుంటాం" అంటారు. వినగానే పిల్లలకు కాస్త ధైర్యం వస్తుంది. కానీ ఆ మార్కులు వేసినందువల్ల ఆ పెద్దమనిషి పడే అవకాశం ఏమైనా తగ్గిందా అంటే, తగ్గలేదు.

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. వృద్ధాశ్రమంలో ఉండే ప్రతి ఒక్కరికీ పడే ముప్పు ఉంది. కాబట్టి ఎవరు పడతారో ముందే కనిపెట్టడానికి అక్కడ మార్కులు వేయడం దండగ. ఈ మనిషి ఏ వేళప్పుడు, ఏం చేస్తూ, ఎందువల్ల పడే వీలుంది, అందులో మనం ఈ వారమే మార్చగలిగింది ఏమిటి అన్నది చూడాలి. ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఏళ్ల తరబడి తర్జనభర్జన పడి చివరికి వచ్చిన దారి ఇది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పడిపోవడం వల్ల ఏటా దాదాపు 6,84,000 మంది చనిపోతున్నారు. ప్రమాదాల వల్ల జరిగే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. ఈ మరణాల్లో 80 శాతానికి పైగా మనలాంటి మధ్య, తక్కువ ఆదాయ దేశాల్లోనే. ఇళ్లలో ఉండే 65 ఏళ్లు దాటినవాళ్లలో ఏటా సుమారు మూడో వంతు మంది ఒక్కసారైనా పడతారు. నర్సింగ్ కేర్ ఇచ్చే హోముల్లో అది సగానికి సగం. హోములు నిర్లక్ష్యంగా చూడటమే దీనికి కారణం అనుకోకూడదు. కాళ్లలో బలం తగ్గి, మతిమరుపు వచ్చి, రోజుకు ఏడెనిమిది మాత్రలు మింగే స్థితికి చేరాకే చాలామంది హోముకు వస్తారు. అక్కడ పడితే నష్టం కూడా ఎక్కువే. తుంటి ఎముక విరిగిన పెద్దవాళ్లలో ఐదుగురిలో ఒకరికి పైగా ఏడాది తిరక్కుండానే చనిపోతారు. విరిగిన ఎముక కంటే ఆ తర్వాత మంచాన పడి ఉండటం వల్ల వచ్చే న్యుమోనియా, పుండ్లు, రక్తం గడ్డలే వాళ్లను తీసుకుపోతాయి.

మార్కులు ఎక్కడ తప్పుతాయి

ఎక్కువగా వాడే ఫారం మోర్స్ స్కేల్. జానిస్ మోర్స్ 1989లో దీన్ని ప్రచురించారు. ఇందులో ఆరే ప్రశ్నలు. ఇంతకుముందు పడ్డారా? ఒకటికి మించి జబ్బులున్నాయా? కర్రో వాకరో వాడుతున్నారా? చేతికి సెలైన్ సూది ఉందా? నడక ఎలా ఉంది? తన శక్తి ఎంతో తనకు తెలుసా? మొత్తం 125 మార్కులు. చాలాచోట్ల 45 దాటితే హై రిస్క్ అంటారు.

ఇప్పుడు 79 ఏళ్ల ఒక పెద్దావిడను ఊహించుకోండి. బీపీ, షుగరు ఉన్నాయి కాబట్టి 15. వాకర్ పట్టుకుంటుంది, ఇంకో 15. కాస్త వంగి చిన్న చిన్న అడుగులు వేస్తుంది, 10. వాకర్ తీసుకోవాలన్న సంగతి అప్పుడప్పుడు మరిచిపోతుంది, 15. మొత్తం 55. జీవితంలో ఒక్కసారీ పడని మనిషి హై రిస్క్ అయిపోయింది. ఆమె పక్క మంచంలో ఉన్నావిడకూ, ఎదుటి గదిలో ఉన్నాయనకూ ఇంచుమించు ఇవే మార్కులు వస్తాయి. హోములో అందరి ఫైలు మీదా ఒకే ముద్ర పడ్డాక ఆయాకు ఆ ముద్ర ఏం చెప్పినట్టు?

ఇంకో వైపు నుంచీ చూడండి. సెలైన్ సూదికి 20 మార్కులు. ఇది ఆస్పత్రి వార్డు కోసం తయారైన కొలత, వృద్ధాశ్రమంలో ఆ ప్రశ్నకు పనే లేదు. వీల్‌చైర్‌లో కూర్చున్నవాళ్లకు నడక సాయం కింద సున్నా పడుతుంది. కానీ వీల్‌చైర్‌లోంచి మంచం మీదికి మారేటప్పుడు పడేవాళ్లు ఎంతమందో ఆ పని చేసే ఆయాలను అడిగితే చెబుతారు. అన్నిటికన్నా పెద్ద లోపం, ఈ స్కేల్‌లో మందుల గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు. లేచి నిలబడితే బీపీ ఎంత పడిపోతోందో, కంటిచూపు ఎలా ఉందో, రాత్రి ఎన్నిసార్లు బాత్రూంకి వెళ్తున్నారో ఇది అడగదు. చక్కగా నడుస్తూ, రాత్రి రెండు నిద్రమాత్రలు వేసుకునే మనిషి ఈ ఫారంలో తక్కువ ముప్పు ఉన్నవాడిగా తేలతాడు.

ఇది మోర్స్ ఒక్కదానికే ఉన్న లోపం కాదు. లండన్‌లోని సెయింట్ థామస్ ఆస్పత్రి పేరుతో 1997లో వచ్చిన స్ట్రాటిఫై అనే ఐదు ప్రశ్నల కొలత కూడా మొదట గొప్పగా కనిపించింది, తర్వాత వేరే ఆస్పత్రుల్లో పరీక్షిస్తే అంత బాగా పనిచేయలేదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే సంస్థ నైస్, 2013లో ఇన్‌పేషెంట్లు పడతారో లేదో ఊహించే ఇలాంటి ఫారాలను వాడొద్దని ఆస్పత్రులకు నేరుగా చెప్పేసింది. 2022లో 39 దేశాలకు చెందిన 96 మంది నిపుణులు కలిసి రాసిన ప్రపంచ మార్గదర్శకాలు వృద్ధాశ్రమాల గురించి ఇంకా తెగేసి చెప్పాయి. హోముల్లో జల్లెడ పట్టకండి, అందరినీ ఎక్కువ ముప్పు ఉన్నవాళ్లుగానే లెక్కించండి, చేరగానే ఒకసారి, ఏడాదికోసారి, పడినప్పుడు, ఆరోగ్యంలో మార్పు వచ్చినప్పుడు ప్రతి ఒక్కరినీ అన్ని కోణాల్లోంచి పరీక్షించండి అన్నాయి.

కెమెరాకు చిక్కిన నిజాలు

మన దగ్గర ఎవరు పడినా "జారి పడ్డారు" అనేస్తాం. పడినవాళ్లూ అదే చెబుతారు. మతిమరుపు ఉన్నవాళ్లు అసలేమీ చెప్పలేరు, పడుతుండగా చూసినవాళ్లు సాధారణంగా ఉండరు. ఈ చిక్కును విప్పడానికి కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీకి చెందిన స్టీఫెన్ రాబినోవిచ్ బృందం ఒక పని చేసింది. రెండు వృద్ధాశ్రమాల్లో భోజనాల గదులు, హాళ్లు, వరండాల్లో కెమెరాలు పెట్టి, 2007 నుంచి 2010 దాకా 130 మంది 227 సార్లు పడిన దృశ్యాలను ఒక్కొక్కటీ చూశారు. ఫలితాలు 2013లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి.

వాటిలో జారిపడినవి 3 శాతం. కాలికి ఏదో తగిలి తూలి పడినవి 21 శాతం. అన్నిటికన్నా ఎక్కువగా, 41 శాతం పడటాలకు కారణం ఒంటి బరువును తప్పుగా మార్చుకోవడం. అంటే బయటి నుంచి ఎవరూ నెట్టలేదు, నేల తడిగా లేదు, అడ్డం ఏదీ లేదు. పిలిస్తే వెనక్కి తిరగబోయారు, ఒళ్లు తిరిగింది గానీ పాదం తిరగలేదు. దండెం మీది తువ్వాలు అందుకోబోయారు, బరువు ముందుకు వెళ్లింది, అడుగు పడలేదు. నడుస్తూ పడినవి 24 శాతమే. ఊరికే నిలబడి ఉండగా 13 శాతం, కుర్చీలో కూర్చోబోతూ 12 శాతం పడ్డారు. కుర్చీ వెనకే ఉందనుకుని, అది ఇంకా రెండడుగుల దూరంలో ఉండగానే కూలబడిపోవడం లాంటివన్నమాట.

ఒక సంగతి గుర్తుంచుకోవాలి. బాత్రూముల్లో, పడగ్గదుల్లో కెమెరాలు లేవు. నీళ్లు నిలిచే మన బాత్రూముల్లో జారడం 3 శాతమే ఉంటుందని నేను అనుకోను. గరుకు టైల్స్, గోడకు పట్టుకునే కడ్డీ, బయటి నుంచీ తెరవడానికి వీలయ్యే గడియ తప్పకుండా ఉండాలి. కానీ వాటితోనే పని అయిపోయిందనుకుంటే, మిగతా పగలంతా హాల్లో జరిగేది చూడకుండా వదిలేసినట్టే.

స్వీడన్‌లోని ఉమియోలో 1997లో జరిగిన ఒక చిన్న పరిశీలన కూడా ఇక్కడ చెప్పుకోవాలి. వృద్ధుల వసతి గృహంలో ఉండే 58 మందితో నడుస్తూ మాట కలిపారు. 12 మంది జవాబు చెప్పడానికి నడక ఆపేశారు. తర్వాతి ఆరు నెలల్లో ఆ 12 మందిలో 10 మంది పడ్డారు. నడవడానికే మనసంతా పెట్టాల్సి వస్తున్న మనిషి ఇంకో పని మీదికి పోయేసరికి తూలతాడు. దీనికి పరికరం, డాక్టరు ఎవరూ అక్కర్లేదు. వరండాలో తోడుగా నడుస్తూ "అమ్మమ్మా, పొద్దున టిఫిన్ ఏం పెట్టారు?" అని అడిగిన ఆయా కూడా ఈ పరీక్ష చేసినట్టే. అయితే నడక ఆపనివాళ్లలోనూ పడినవాళ్లు ఉన్నారు కాబట్టి, ఆపలేదు గదా అని నిశ్చింతగా ఉండకూడదు.

ఆ పెద్దావిడ గదిలో

మళ్లీ మన 79 ఏళ్ల పెద్దావిడ దగ్గరికి వద్దాం. ఆమెకు 55 మార్కులు వేసి ఊరుకోకుండా అసలు అంచనా ఎలా వేయాలి?

మొదట బీపీ. హోముల్లో బీపీ చూస్తూనే ఉంటారు, కాకపోతే ఎప్పుడూ కుర్చీలో కూర్చోబెట్టే చూస్తారు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేపి నిలబెట్టాక మొదటి నిమిషంలో ఒకసారి, మూడో నిమిషంలో ఇంకోసారి చూడాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే, ఆమె మంచం దిగిన ప్రతిసారీ మెదడుకు రక్తం సరిగ్గా అందడం లేదన్నమాట. చాలామందికి కళ్లు తిరుగుతున్నట్టు తెలియను కూడా తెలియదు, కాళ్లు తేలిపోయాయంటారంతే. కూర్చున్నప్పుడు 150 ఉందని బీపీ మాత్ర డోసు పెంచిన మనిషికి, నిలబడితే 115 ఉండొచ్చు. ఈ ఒక్క పరీక్ష చేయని అంచనాను అంచనా అనలేం.

తర్వాత మాత్రల డబ్బా. దీన్ని మంచం మీద కుమ్మరించి ఒక్కొక్కటీ చూడాలి. నిద్ర కోసం ఏళ్ల కిందట ఎవరో రాసిన అల్ప్రజోలం ఇంకా నడుస్తూ ఉంటుంది. కాళ్ల తిమ్మిర్లకు అమిట్రిప్టిలిన్, జలుబు మాత్రలో మత్తు తెచ్చే క్లోర్‌ఫెనిరమిన్, మగవాళ్లయితే ప్రోస్టేట్‌కు టామ్సులోసిన్, ఇవన్నీ ఒంటిని తూలించేవే. విడివిడిగా ప్రతి మాత్రకూ ఒక కారణం ఉంటుంది. గుండె డాక్టరు రాసింది, నరాల డాక్టరు రాసింది, కీళ్ల డాక్టరు రాసింది అన్నీ కలిపి చూసినవాళ్లు మాత్రం ఎవరూ ఉండరు. ఆ పని ఒక ఫిజీషియన్ చేతికి అప్పగించాలి. నిద్రమాత్రలను ఉన్నపళంగా ఆపేయకూడదు, వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలి.

షుగరు మాత్రల సంగతి మన హోముల్లో ప్రత్యేకంగా చూడాలి. రాత్రి భోజనం ఏడింటికల్లా పెట్టేస్తారు, మళ్లీ టిఫిన్ పొద్దున ఎనిమిదికి. మధ్యలో పదమూడు గంటలు. పెద్దావిడ రాత్రి రెండు ముద్దలు తిని చాలనేసింది. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. తెల్లవారుజామున షుగరు పడిపోయి, చెమటలు పట్టి, అయోమయంగా లేచి పడిపోతే రిజిస్టర్‌లో "బాత్రూంకి వెళ్తూ పడ్డారు" అని రాస్తారు. పడుకోబోయే ముందు గ్లాసు పాలు, అవసరమైతే మాత్ర మార్పు, ఈ రెండే ఆ పడిపోవడాన్ని ఆపేవి.

బాత్రూం వేళలు కూడా అంతే. ఒక వారం పాటు ఆమె రాత్రి ఎన్నింటికి లేస్తోందో రాసిపెడితే ఒక వరస కనిపిస్తుంది. ఒంటిగంటకూ నాలుగింటికీ లేస్తున్నట్టు తేలితే, ఆ వేళకు ముందే రాత్రి డ్యూటీ ఆయా వెళ్లి తీసుకెళ్లి రావచ్చు. నీరు తీసే మాత్ర సాయంత్రం వేస్తుంటే పొద్దుటికి మార్చమని డాక్టరును అడగవచ్చు. "లేవాల్సి వస్తే బెల్ కొట్టండమ్మా" అని మతిమరుపు ఉన్న మనిషికి చెప్పి వదిలేయడం ఏర్పాటు అనిపించుకోదు. ఆమెకు బెల్ గుర్తుండదు, అవసరం మాత్రం గుర్తుంటుంది. వాకర్ కూడా గది మూలన పెట్టకుండా, కళ్లు తెరవగానే కనబడేట్టు మంచం పక్కనే చేతికందేలా ఉండాలి.

కాళ్లలో బలం ఎంతుందో చూడాలంటే కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోమంటారు. 15 సెకన్లు దాటితే ఇబ్బంది ఉన్నట్టే అంటారు. హోములో ఉండే చాలామందికి ఆ సెకన్లు దాటుతాయి కాబట్టి, గడియారం కన్నా మనిషిని చూడటం మేలు. చేతులతో నొక్కితే తప్ప లేవలేకపోతోందా? వెనక్కి తిరగడానికి ఎన్ని అడుగులు వేస్తోంది? కూర్చునేటప్పుడు కుర్చీ చేతులు పట్టుకుంటోందా, ధబీమని పడుతోందా? ఏమాత్రం లేవలేనివాళ్ల కన్నా, లేవగలిగీ ఆసరా లేకుండా నిలబడలేనివాళ్లే ఎక్కువగా పడతారు. జబ్బు నుంచి కోలుకుని మంచం దిగడం మొదలుపెట్టిన మనిషి విషయంలో అందరూ ఊపిరి పీల్చుకుంటారు గానీ, ముప్పు పెరిగేది అప్పుడే.

కళ్లు, చెవులు, పాదాలు కూడా చూడాలి. శుక్లాలు ముదిరాయా, కాలి వేళ్ల మధ్య పుండ్లు ఉన్నాయా, అరిగిపోయిన హవాయి చెప్పులే వేసుకుంటున్నారా, చీర కుచ్చిళ్లు నేలకు తగులుతున్నాయా అన్నది చూడటం పది నిమిషాల పని.

తిండి గురించి మాత్రం ఇంకొంచెం చెప్పాలి. ఆస్ట్రేలియాలో 60 హోముల్లో 7,195 మంది మీద రెండేళ్లు జరిగిన ప్రయోగం ఫలితాలు 2021లో వచ్చాయి. సగం హోముల్లో పాలు, పెరుగు, చీజ్ పెంచి, కాల్షియం, ప్రోటీన్ సరిపడా అందేట్టు చూశారు. ఆ హోముల్లో ఎముకలు విరగడం 33 శాతం, తుంటి విరగడం 46 శాతం, పడిపోవడం 11 శాతం తగ్గాయి. మందులు కాదు, యంత్రాలు కాదు, వంటింట్లో మార్పు. మన హోముల్లో భోజనమంటే అన్నం, పల్చటి పప్పు, చివర్లో నీళ్ల మజ్జిగ. ఆ మజ్జిగ స్థానంలో గట్టి పెరుగు, సాయంత్రం టీతో పాటు ఒక గుడ్డో పల్లీ ఉండో చేర్చడం ఏ హోముకైనా అందుబాటులో ఉన్న పనే.

కుర్చీకి కట్టేస్తే?

మార్కుల ఫారంతో నాకున్న అసలు భయం ఇక్కడే ఉంది. "హై రిస్క్" అని రాసేసి కారణం వెతక్కపోతే, మిగిలేది ఒకటే దారి. లేవనివ్వకపోవడం. కుర్చీకి చున్నీతో నడుం కట్టేస్తారు, ముందు ట్రే బిగిస్తారు, మంచానికి రెండు వైపులా రెయిలింగ్ ఎత్తుతారు. చాలాసార్లు ఇది హోము వాళ్ల దుర్మార్గం కూడా కాదు. డాలస్‌లోనో సిడ్నీలోనో ఉన్న కొడుకు ఫోన్ చేసి "నాన్న మళ్లీ పడితే ఊరుకోను" అంటాడు. రాత్రి ముప్ఫై మందికి ఒకే ఆయా ఉన్న వార్డెన్‌కు కట్టేయడం కన్నా దారి కనపడదు.

కానీ కట్టేస్తే పడటం ఆగదు. అమెరికాలోని కనెక్టికట్‌లో 12 నర్సింగ్ హోములను పరిశీలించి మేరీ టినెట్టి బృందం 1992లో ప్రచురించిన వివరాల్లో, కట్టనివాళ్లలో 5 శాతం మందికి పడటం వల్ల తీవ్ర గాయాలైతే, కట్టినవాళ్లలో 17 శాతం మందికి అయ్యాయి. కట్టినవాళ్లు మొదటే బలహీనులై ఉండొచ్చు, ఆ తేడాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా కట్టడం వల్ల మేలు కనిపించలేదు. రెయిలింగ్ ఎత్తిన మంచంలోంచి దిగాలనుకున్న మనిషి రెయిలింగ్ ఎక్కి దూకబోతాడు, మంచం ఎత్తుకు రెయిలింగ్ ఎత్తు కూడా తోడవుతుంది. కదలకుండా కూర్చోబెడితే తొడ కండరాలు వారాల్లోనే కరిగిపోతాయి, విప్పిన రోజున నిలబడలేడు. అమెరికా 1987లోనే చట్టం చేసి, సిబ్బంది సౌకర్యం కోసమో శిక్షగానో కట్టేయడాన్ని నర్సింగ్ హోముల్లో నిషేధించింది. 2022 మార్గదర్శకాలు కూడా పడకుండా ఆపడానికి కట్టేయొద్దనే చెప్పాయి. నాన్న కాస్త నడుస్తాడు, కాబట్టి ఎప్పుడైనా పడొచ్చు అన్న మాటను పిల్లలు ఒప్పుకోకపోతే హోముకు వేరే దారి ఉండదు. ఆ ఒప్పుకోలు ఫోన్‌లో నోటి మాటగా కాకుండా కాగితం మీద ఉండటం మంచిది.

కారణాలు వెతికి సరిదిద్దే పద్ధతి నిజంగా పనిచేస్తుందా అంటే, ఇంగ్లండ్‌లో 84 కేర్ హోముల్లో 1,657 మంది మీద జరిగిన ప్రయోగం ఉంది. సిబ్బందికి సుమారు గంట శిక్షణ, ముప్ఫైకి పైగా అంశాల చెక్‌లిస్ట్, ప్రతి అంశం ఎదురుగా చేయాల్సిన పని. మార్కులు లేవు. నాలుగో నెల నుంచి ఆరో నెల మధ్య ఈ పద్ధతి పెట్టిన హోముల్లో, మిగతా హోములతో పోలిస్తే పడిపోవడాలు 43 శాతం తగ్గాయి. వాళ్లను కదలనివ్వకుండా సాధించింది కూడా కాదది, వాళ్ల తిరుగుడు తగ్గలేదు. అయితే ఆరు నెలలు దాటాక ఆ తేడా నిలవలేదు. సిబ్బంది మారిపోతుంటారు, చెక్‌లిస్ట్ పాతబడుతుంది, పక్కనుండి గుర్తుచేసేవాళ్లు వెళ్లిపోతారు. మన దగ్గర ఆయాలు ఎంత తరచుగా మారతారో తెలిసినవాళ్లు దీన్ని ఏడాదికోసారి నింపే కాగితంగా చూడకూడదు. మన 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం పేద వృద్ధుల కోసం జిల్లాకు కనీసం 150 మంది పట్టే ఒక వృద్ధాశ్రమాన్ని రాష్ట్రాలు ఏర్పాటు చేయవచ్చంటుంది గానీ, లోపలి ప్రమాణాలను రాష్ట్రాలకే వదిలేసింది. కాబట్టి అడగాల్సినవాళ్లు కుటుంబ సభ్యులే.

అడగాల్సింది మార్కులు ఎన్ని అని కాదు. నిలబెట్టి బీపీ చూశారా, మాత్రలన్నీ కలిపి ఏ డాక్టరు చూశారు, రాత్రి ఎన్నింటికి లేస్తున్నారు, మీ ఫాల్ రిజిస్టర్ చూపిస్తారా అని అడగాలి. రిజిస్టర్‌లో "జారి పడ్డారు" అన్న రెండు మాటలే ఉంటే అది ఎందుకూ పనికిరాదు. ఏ వేళ, ఎక్కడ, ఏం చేయబోతూ, కాలికి ఏముంది, చివరిసారి బాత్రూంకి ఎప్పుడు వెళ్లారు, ఆరోజు ఏ మాత్ర కొత్తగా వేశారు అన్నవి ఉండాలి. అలాంటి నాలుగు నమోదులు పక్కపక్కన పెడితే ఐదోసారి ఎప్పుడు పడబోతున్నారో చాలావరకు తెలిసిపోతుంది.

పడిన వెంటనే చంకల్లో చేతులేసి లేపేయకూడదు. ఒక కాలు పొట్టిగా కనిపించి, పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి విరిగిందనే అనుకుని కదపకుండా అంబులెన్స్‌కు ఫోన్ చేయాలి. తలకు దెబ్బ తగిలి, వాళ్లు క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పల్చబడే మందులు వాడుతుంటే, బాగానే మాట్లాడుతున్నా అదే రోజు స్కాన్ చేయించాలి. స్కాన్‌లో ఏమీ లేకపోయినా, ఆ తర్వాత కొన్ని వారాల దాకా ఎప్పుడైనా మగతగా ఉన్నా, మాట తడబడినా, ఉన్నట్టుండి మతిమరుపు ఎక్కువైనా, వయసు వల్లనే అని ఊరుకోకుండా ఫలానా రోజున తల తగిలిందని డాక్టరుకు గుర్తుచేసి మళ్లీ స్కాన్ అడగాలి.